ఫారమిర్ విషయంలో నాకింకా తీరని బాధ

టోల్కీన్ నవల ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ ఆధారంగా పీటర్ జాక్సన్ తీసిన మూడు సినిమాలలో రెండవదైన ‘ది టూ టవర్స్’ 2002 డిసెంబరులో విడుదలైంది. అందులో గోండోర్ రాజ్యపు సేనాని ఫారమిర్, అందరినీ ఆశపెట్టి చెరిచే శత్రువు ఉంగరాన్ని నాశనం చేయడానికి మోసుకుపోతున్న ఫ్రోడో అనే హాబిట్‌ను (హాబిట్‌లు పొట్టి మనుషుల జాతి) బందీగా పట్టుకుని, ఆ ఉంగరం గోండోర్‌కు వెళుతుందని తన మనుషులతో చెప్పిన ఘట్టం దగ్గర నేను కుర్చీలో ముందుకు జరిగి, తరువాతి మాటలోనైనా అతడు మనసు మార్చుకుంటాడేమోనని ఎదురుచూశాను. అతడు మార్చుకోలేదు. ఫ్రోడోను, అతని నేస్తం సామ్‌ను, వాళ్ళకు దారి చూపుతున్న, ఒకప్పుడు ఆ ఉంగరం వల్లనే చెడిపోయిన గొల్లంను వెంటబెట్టుకుని శిథిలమైన ఓస్గిలియాత్ నగరం దాకా నడిపించుకుపోయాడు. పుస్తకంలో అతడు ఆ ఉంగరం తనకు వద్దంటాడు, ఆ ముగ్గురూ ఆ నగరంలో అడుగే పెట్టరు. సినిమా ముగిసి బయటికి వస్తున్నప్పుడు, నవల అప్పటికింకా చదవని మా తమ్ముడు హెల్మ్స్ డీప్ కోట యుద్ధం గురించి పట్టలేని ఉత్సాహంతో మాట్లాడుతూనే ఉన్నాడు. నాకు బాగా తెలిసిన ఒక మంచి మనిషి గురించి నలుగురిలో ఎవరో అబద్ధం చెప్పగా, అది అబద్ధమని చెప్పే వీలు లేక తల వంచుకుని వచ్చినట్లుగా నేను నడిచాను.

ఆ బాధ నా ఒక్కదానిదే కాదని తరువాత తెలిసింది. ఆ సినిమాల గురించి పాఠకులు చెప్పుకున్న అభ్యంతరాలన్నింటిలోనూ ఫారమిర్ మార్పు మొదటి వరుసలో ఉంటుంది. ఇరవై ఏళ్ళు దాటినా అది చల్లారలేదు. మూడు సినిమాలనూ ఎన్నోసార్లు చూసి, మెచ్చుకుని, వాటిలోని సంగీతానికి కన్నీళ్ళు పెట్టుకున్నవాళ్ళు కూడా ఆ ఒక్క చోట ఆగిపోతారు. ఎందుకు ఆగిపోతారో, అదే సినిమాలలోని ఇంకా పెద్ద మార్పులను ఎందుకు సులభంగా క్షమించగలిగారో నేను చాలాకాలంగా ఆలోచిస్తూ వచ్చాను. ఆ ఆలోచనను ఇక్కడ ఒక క్రమంలో పెట్టాలని ఈ ప్రయత్నం.

పాఠకుల ఆందోళనను అర్థం చేసుకోవాలంటే వాళ్ళు ఎంతకాలం ఎదురుచూశారో గుర్తుంచుకోవాలి. నవల మూడు సంపుటాలుగా 1954, 1955 సంవత్సరాలలో వెలువడింది. సినిమాగా తీయాలన్న ప్రతిపాదన టోల్కీన్ దగ్గరికే 1957లో వచ్చింది. ఆ స్క్రీన్‌ప్లేను చదివి ఆయన 1958లో రాసిన సుదీర్ఘమైన అభ్యంతరాల లేఖ ఆయన ఉత్తరాల సంపుటిలో ఉంది. 1978లో రాల్ఫ్ బక్షీ తీసిన యానిమేషన్ చిత్రం కథను సగంలో వదిలేసింది. మిగిలిన సగాన్ని ఆయన తీయలేకపోయారు. అందువల్ల జాక్సన్ మూడు సినిమాలనూ ఒకే విడతలో చిత్రీకరిస్తున్నారన్న వార్త వచ్చినప్పుడు, మూడు తరాల పాఠకులు ఆశతోనూ భయంతోనూ ఒకేసారి మేలుకున్నారు. 2000 ఏప్రిల్‌లో ఇంటర్నెట్‌లో ఉంచిన మొదటి ట్రైలర్‌ను తొలి 24 గంటలలోనే 17 లక్షల సార్లు దించుకున్నారు. ఆనాటి నెట్ వేగంతో ఆ చిన్న వీడియో దిగడానికి ఎంతసేపు కాచుకోవలసి వచ్చేదో అనుభవించినవాళ్ళకే ఆ సంఖ్య వెనుక ఉన్న ఆరాటం అర్థమవుతుంది.

మొదటి పెద్ద అలజడి, మరణం లేని ఎల్ఫ్ జాతికి చెందిన ఆర్వెన్ గురించి రేగింది. నవలలో ఆమె కనిపించేది చాలా తక్కువ. కాబోయే రాజు అరగోర్న్‌తో ఆమె ప్రేమకథ ప్రధానంగా పుస్తకం చివర ఇచ్చిన అనుబంధంలో ఉంటుంది. సినిమాలో ఆమె కత్తి పట్టి హెల్మ్స్ డీప్ యుద్ధంలో పాల్గొంటుందని చిత్రీకరణ సమయంలోనే బయటికి పొక్కింది. అభిమానులు తీవ్రంగా నొచ్చుకున్నారు. ఆమె ఉన్న యుద్ధ దృశ్యాలను నిజంగానే తీసి, తరువాత వదిలేశారు. ఆ నిర్ణయానికి పాఠకుల నిరసన ఒక్కటే కారణమని నేను అనను కానీ, ఆర్వెన్ బలం కత్తిలో లేదని, అమరత్వాన్ని వదులుకోవడానికి సిద్ధపడిన ఆమె నిశ్చయంలో ఉందని రచయితలు చివరికి గ్రహించడం కథకు మేలే చేసింది.

అయితే మొదటి సినిమాలో ఆమెకు ఇచ్చిన ఇంకొక సన్నివేశం మిగిలింది. బ్రూయినెన్ రేవు దగ్గర గాయపడిన ఫ్రోడోను గుర్రం మీద దాటించి, ఉంగరం కోసం వెంటాడుతున్న తొమ్మిది మంది నల్ల రౌతులను సవాలు చేసేది సినిమాలో ఆర్వెన్. నవలలో గుర్రాన్ని ఇచ్చేవాడు గ్లోర్‌ఫిండెల్ అనే ఎల్ఫ్ వీరుడు. అప్పట్లో వాదనంతా గ్లోర్‌ఫిండెల్‌ను తీసివేసి ఆర్వెన్‌ను పెట్టడం న్యాయమా కాదా అన్నదాని మీదనే సాగింది. నా దృష్టిలో అసలు నష్టం గ్లోర్‌ఫిండెల్‌ది కాదు. బక్షీ కూడా అతని స్థానంలో లెగోలాస్ అనే మరొక ఎల్ఫ్‌ను పెట్టాడు, కథకేమీ కాలేదు. నష్టపోయినవాడు ఫ్రోడో. నవలలో ఆ గుర్రం మీద అతడు ఒంటరిగా రేవు దాటుతాడు. విషపు గాయంతో చూపు మసకబారుతున్నా, అవతలి ఒడ్డున వెనక్కి తిరిగి, కత్తి ఎత్తి, తొమ్మిది మందిని ఎదిరించి, ఉంగరమూ దక్కదు, నేనూ దక్కనని అంటాడు. వెంటనే కత్తి విరుగుతుంది, గొంతు మూగబోతుంది. అతని ధిక్కారం గెలవకపోయినా అది పూర్తిగా అతనిది. సినిమాలో ఆ సమయానికి ఫ్రోడో ఆర్వెన్ చేతుల మధ్య స్పృహ లేని పసివాడిలా ఒరిగి ఉంటాడు. అందమైన దృశ్యమే, కానీ దాని కోసం కథానాయకుని నుంచి మొదటి వీరకార్యాన్ని తీసుకుని వేరొకరికి ఇచ్చారు.

అడవిలో పాటలు పాడుతూ తిరిగే వింత మనిషి టామ్ బాంబడిల్ సంగతి దీనికి పూర్తిగా భిన్నమైనది. పాత అడవి, బాంబడిల్ ఇల్లు, సమాధుల దిబ్బలు అనే మూడు అధ్యాయాలనూ సినిమా మొత్తంగా వదిలేసింది. ఆ అధ్యాయాలంటే నాకు ప్రాణం. సినిమా చూసినప్పుడు ఆ లోటు తెలిసింది. ఇంటికి వచ్చి పుస్తకం తీసి ఆ మూడూ చదువుకున్నాను. అంతటితో బాధ తీరిపోయింది. బ్రయాన్ సిబ్లీ, మైకేల్ బేక్‌వెల్ 1981లో బీబీసీ రేడియో కోసం చేసిన నాటకం కూడా, 26 భాగాల నిడివి ఉండి, బాంబడిల్‌ను వదిలేసింది. తిక్కన భగవద్గీతను కొద్ది పద్యాలలోకి కుదించి యుద్ధ కథలోకి వెళ్ళిపోయాడని మనం ఆయనను తప్పుపట్టం. ఏ ప్రయోజనం కోసం ఏది వదులుకున్నాడో చూస్తాం. వదిలేసినది మూలంలో భద్రంగానే ఉంటుంది, దాని జోలికి ఎవరూ వెళ్ళలేదు. జాగ్రత్తగా చదివే పాఠకులు ఇక్కడ ఒక సూక్ష్మమైన ఫిర్యాదు చేస్తారు, అది సమంజసమే. సమాధుల దిబ్బలలో దొరికిన ప్రాచీన ఖడ్గంతోనే ఫ్రోడో మిత్రుడైన మెర్రీ చివరికి నల్ల రౌతుల నాయకుడైన మంత్రరాజును పొడుస్తాడు; ఆ రాజుతో పోరాడిన జాతివారే ఆ ఖడ్గాన్ని చేశారు గనుకనే అది అతని మాయను ఛేదించగలిగిందని నవల చెబుతుంది. శతాబ్దాల క్రితం చనిపోయిన ఒక కమ్మరి శ్రమ ఫలించిన ఘడియ అది. సినిమాలో ఆ కత్తులను అరగోర్న్ ఒక రాత్రి మూట విప్పి ఇస్తాడు, అందువల్ల ఆ అర్థం పోయింది. పోయినా అది కోత వల్ల కలిగిన లోటే. కథ ఆ లోటును తట్టుకుని నిలబడింది.

ఇక్కడ టోల్కీన్ 1958 నాటి లేఖను మళ్ళీ ప్రస్తావించాలి. ఆయన ఒక్క అక్షరం కూడా మార్చకూడదని పట్టుబట్టే మనిషి అనుకుంటారు చాలామంది. ఆ లేఖ చదివితే ఆ అభిప్రాయం నిలవదు. అన్నింటినీ ఇరికించి గందరగోళం చేయడం కంటే కొన్ని భాగాలను పూర్తిగా వదిలేయడమే మేలని ఆయన భావించారు. నడిచే చెట్లవంటి ఎంట్‌ల కథకూ, హెల్మ్స్ డీప్‌లోని హార్న్‌బర్గ్ కోట యుద్ధానికీ రెండింటికీ తగినంత చోటు లేకపోతే ఒకదాన్ని తీసేయాలని, తీసేయవలసినది యుద్ధమేనని, ప్రధాన కథకు అది ప్రాసంగికం మాత్రమేనని ఆయనే రాశారు. జాక్సన్ బృందం నెలల తరబడి రాత్రిళ్ళు శ్రమించి తీసిన, మా తమ్ముడిని అంతగా ముగ్ధుణ్ణి చేసిన ఆ హెల్మ్స్ డీప్ పోరాటాన్నే మూల రచయిత వదిలేయడానికి సిద్ధపడ్డాడన్నమాట. అదే లేఖలో ఇంకొక మాట ఉంది, నేను దాన్ని ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. ఏ మాధ్యమంలోనైనా కథనానికి ఉండే సూత్రాలు పూర్తిగా వేరు కాజాలవని, చెడ్డ సినిమాలు విఫలమయ్యేది తరచుగా అతిశయోక్తి వల్లనూ, మూలం యొక్క గుండెకాయ ఎక్కడుందో గ్రహించక అనవసరమైన విషయాన్ని చొప్పించడం వల్లనూ అని ఆయన అంటారు. పాఠకుల కోపంలో నేను చూసిన తేడా సరిగ్గా ఈ గీత దగ్గరే ఉంది. సంఘటనలు పోతే మనం సర్దుకుంటాం. ఒక మనిషి ఒక పనిని ఎందుకు చేశాడో, ఎందుకు చేయలేదో దాన్ని మారిస్తే సర్దుకోలేం, ఎందుకంటే అప్పుడు తెర మీద ఉన్నవాడు పేరు మాత్రమే పంచుకున్న వేరొక మనిషి.

ఫారమిర్ విషయానికి వస్తాను. ఇథిలియన్ అడవిలో అతడు ఫ్రోడోను ప్రశ్నిస్తున్నప్పుడు, ఇసిల్డూర్ శాపం (ఆ ఉంగరానికే మరొక పేరు) అంటే ఏమిటో అతనికింకా తెలియదు. తెలియకముందే, అది ఏదైనా సరే, దారి పక్కన పడి ఉన్నా నేను దాన్ని తీసుకోనని అంటాడు. గోండోర్ రాజధాని కూలిపోతున్నా, దాన్ని రక్షించగలిగేది తానొక్కడే అయినా, శత్రువు ఆయుధంతో గెలిచే గెలుపు తనకు వద్దంటాడు. కత్తిని దాని పదును కోసం, వీరుణ్ణి అతని కీర్తి కోసం తాను ప్రేమించనని, అవి దేనిని కాపాడుతున్నాయో దానినే ప్రేమిస్తానని చెబుతాడు. తరువాత సామ్ నోరు జారి అసలు సంగతి బయటపెడతాడు. ఫారమిర్ లేచి నిలబడతాడు, గుహలో నిశ్శబ్దం, గోండోర్ సేనాని ఫారమిర్‌కు తన గుణాన్ని చూపే అవకాశం వచ్చిందని అంటాడు. చదువుతున్న మనకు ఊపిరి ఆగుతుంది. అతడు మళ్ళీ కూర్చుని నవ్వి, ముందు ఇచ్చిన మాటకే కట్టుబడతాడు. నవలలో నన్ను అంతగా కదిలించిన క్షణం మరొకటి లేదు. ఒక మనిషి తన బతుకంతా ఎలా బతికాడో అది పరీక్ష వచ్చిన రోజున అతన్ని కాపాడింది. పరీక్ష వచ్చాక కొత్తగా కూడగట్టుకోవలసిన బలమేమీ మిగల్లేదు.

సినిమాలో అదే మాట ఉంది. గోండోర్ సేనానికి తన గుణం చూపే అవకాశమని అతడు అంటాడు, కానీ కత్తి మొనతో ఫ్రోడో మెడలోని ఉంగరాన్ని పైకెత్తి చూస్తూ అంటాడు. అక్షరాలు అవే ఉండి అర్థం తలకిందులైంది. పాఠకులను గాయపరచినది ఇదే. మాటను తీసేసి ఉంటే మరచిపోయేవాళ్ళం. మాటను ఉంచి దాని ప్రాణాన్ని మార్చారు. ఈ పాత్ర తనంతట తానే కథలోకి నడిచి వచ్చిందని టోల్కీన్ తన కుమారుడికి 1944లో రాశారు. తన పాత్రలలో తనను పోలినవాడెవరైనా ఉంటే అది ఫారమిరేనని మరొక చోట అన్నారు. ఆ సంగతి తెలిసినవాళ్ళకు నొప్పి ఇంకాస్త ఎక్కువ.

సినిమా రచయితలు తమ కారణాలను దాచుకోలేదు. జాక్సన్, ఫ్రాన్ వాల్ష్, ఫిలిపా బోయెన్స్ ముగ్గురూ చెప్పినదాని సారాంశం రెండు మాటలలో ఉంది. ఉంగరాన్ని ఎవరూ తట్టుకోలేరని అప్పటిదాకా ప్రేక్షకుడిని నమ్మించి, అంతలో ఒక మనిషి వచ్చి నాకు అక్కర్లేదంటే ఆ భయం ఆవిరైపోతుంది. రెండవది, షెలాబ్ సాలీడు ఘట్టాన్ని మూడవ సినిమాకు జరిపినందువల్ల రెండవ సినిమాలో ఫ్రోడోకు ఎదురుగా నిలిచే అడ్డంకి ఏదీ లేకుండా పోయింది. ఆ ఖాళీని ఫారమిర్‌తో నింపారు. రెండవ కారణాన్ని నేను వృత్తి తెలిసినవాళ్ళ ఇబ్బందిగా గౌరవిస్తాను. మొదటి కారణాన్ని మాత్రం వాళ్ళ సినిమాయే ఖండిస్తోంది. మొదటి భాగం చివర ఫ్రోడో అరచేతిలో ఉంగరాన్ని పెట్టి చూపితే, అరగోర్న్ మోకరిల్లి, ఫ్రోడో వేళ్ళను తన చేతితో మూసేస్తాడు. ఆ దృశ్యంలో ఉంగరం మీద భయం తగ్గలేదు; అరగోర్న్ మీద మన ప్రేమ పెరిగింది. ఫారమిర్‌కు కూడా అటువంటి ఒక నిమిషం ఇచ్చి ఉండవలసింది.

ఈ మాట నేను మా తమ్ముడితో అన్నాను. అప్పటికి అతడు సినిమాల వల్లనే పుస్తకం పట్టుకుని, ఇథిలియన్ అధ్యాయాల దాకా వచ్చాడు. అతడు కాసేపు ఆలోచించి, "అక్కా, అరగోర్న్ రాజవంశంలో పుట్టినవాడు, కాబోయే రాజు. ఫారమిర్ మాత్రం తండ్రి ప్రేమ కోసం తపించే మామూలు కొడుకు. అలాంటివాడికి ఆశ పుట్టి, దాన్ని తొక్కిపట్టి, ప్రాణం పోతుందని తెలిసి కూడా ఫ్రోడోను వదిలేస్తేనే నాకు వాడు దగ్గరవాడు అనిపించాడు. పుస్తకంలోవాడు గొప్పవాడే, కానీ నేను వాడిలా ఉండలేను" అన్నాడు. నాకు వెంటనే సమాధానం దొరకలేదు. నేను అబద్ధమనుకున్న మనిషిని అతడు నిజమైన మనిషిగా కలుసుకున్నాడు. సినిమా ద్వారా ఈ కథలోకి వచ్చిన లక్షలమంది అలాగే కలుసుకుని ఉంటారు. వాళ్ళ ప్రేమ నా ప్రేమ కంటే తక్కువదని అనే హక్కు నాకు లేదు. అయినా ఆ రోజు నేను చెప్పలేకపోయిన సమాధానాన్ని ఇప్పుడు చెబుతాను. నేను కూడా పుస్తకంలోని ఫారమిర్‌లా ఉండలేను. ఉండలేను గనుకనే పదహారేళ్ళ వయసులో అతన్ని చదివినప్పుడు, అలా ఉండడం సాధ్యమేనని ఎవరో నాకు మొదటిసారి చూపించినట్లు అనిపించింది. ఆశపడి దిద్దుకునేవాళ్ళు నా చుట్టూ ఉన్నారు, నాలోనూ ఉన్నారు. ఆశపడనివాణ్ణి చూపడమే ఆ అధ్యాయం నాకిచ్చిన కానుక.

గొల్లం విషయంలో జరిగినదాని గురించి తక్కువమంది మాట్లాడతారు కానీ, అది కూడా ఇటువంటిదే. శత్రుదేశపు సరిహద్దు కొండలలోని కిరిత్ ఉంగోల్ మెట్ల మీద ఫ్రోడో, సామ్ నిద్రపోతుండగా గొల్లం తిరిగి వస్తాడు. వాళ్ళను చూసి అతని ముఖంలో ఏదో కరుగుతుంది; వణుకుతున్న చేతితో ఫ్రోడో మోకాలిని మెల్లగా తాకుతాడు; ఆ ఒక్క ఘడియ అతడు అలసిపోయిన ముసలి హాబిట్‌లా కనిపిస్తాడని నవల చెబుతుంది. అంతలో సామ్ లేచి, అనుమానంతో కసురుతాడు. ఆ చిగురు అక్కడితో మాడిపోతుంది. తన కథ మొత్తంలో బహుశా అత్యంత విషాదకరమైన క్షణం ఇదేనని టోల్కీన్ తరువాత ఒక ఉత్తరంలో అన్నారు. సినిమాలో దీని స్థానంలో గొల్లం రొట్టె ముక్కలను సామ్ మీద చల్లి దొంగతనం అంటగట్టడం, ఫ్రోడో నమ్మి సామ్‌ను వెళ్ళిపొమ్మనడం, సామ్ ఏడుస్తూ మెట్లు దిగడం ఉన్నాయి. ప్రేక్షకుడికి దుఃఖం కలుగుతుంది, నాకూ కలిగింది. అయితే పుస్తకంలోని దుఃఖానికి కారణం మంచివాడైన సామ్ చేసిన ఒక చిన్న కఠినత్వం. సినిమాలోని దుఃఖానికి కారణం ఒక దుర్మార్గుడి ఎత్తుగడ. మొదటిది చదివినవాడు ఆ తరువాత ఎవరినైనా కసరబోతూ ఒక్క క్షణం ఆగుతాడు. గొల్లంను తెర మీద అంత సజీవంగా నిలిపిన ఆండీ సెర్కిస్‌కు ఆ మోకాలిని తాకే దృశ్యం దక్కి ఉంటే ఎలా ఉండేదోనని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

మార్పులన్నీ నష్టమేనని చెబితే నేను అబద్ధమాడినదాన్నవుతాను. ఉంగరానికి ఆశపడి ఫ్రోడో మీద పడబోయిన, ఫారమిర్ అన్న బొరొమిర్ మరణం నవలలో రెండవ సంపుటం ఆరంభంలో వస్తుంది. యుద్ధాన్ని మనం చూడం, బూర ధ్వని విని అరగోర్న్ పరుగెత్తుకుని వచ్చేసరికి అంతా అయిపోయి ఉంటుంది. జాక్సన్ దాన్ని మొదటి సినిమా ముగింపుకు తెచ్చి, ఒక్కొక్క బాణం తగులుతున్నా హాబిట్‌లైన మెర్రీ, పిప్పిన్‌ల కోసం లేచి నిలబడే బొరొమిర్‌ను చూపించారు. చనిపోతూ అతడు అరగోర్న్‌ను తన రాజుగా అంగీకరించే మాట పుస్తకంలో లేదు. అయినా ఏ పాఠకుడూ దాని మీద కోపగించగా నేను వినలేదు. బొరొమిర్ ఎందుకు పడిపోయాడో, ఎలా లేచాడో నవల చెప్పిన దానికి ఆ మాట విధేయంగా ఉంది. సీన్ బీన్ నటించిన ఆ అయిదు నిమిషాలు చూశాక నేను పుస్తకంలోని బొరొమిర్‌ను మునుపటి కంటే ఎక్కువ జాలితో చదువుతున్నాను.

హాబిట్‌ల స్వస్థలమైన షైర్ ప్రక్షాళనను వదిలేయడం మీద పాఠకులు రెండుగా చీలారు. నేను ఇప్పటికీ ఒక పక్షం తేల్చుకోలేదు. యుద్ధం గెలిచి ఇంటికి వచ్చిన నలుగురు హాబిట్‌లకు తమ ఊరే పాడైపోయి కనిపించడం కథలో ముఖ్యభాగమని, మొదటి నుంచీ తాను అనుకున్నదేనని టోల్కీన్ రెండవ ముద్రణ ముందుమాటలో స్పష్టంగా రాశారు. సినిమాలో షైర్ చెక్కుచెదరకుండా ఉంటుంది. అప్పటికే మూడు గంటలు దాటిన సినిమాలో ఇంకొక పోరాటానికి చోటు ఎక్కడిదని అడిగేవాళ్ళ మాటలోనూ బలముంది. ఆ కోత మరొక కోతకు దారితీసింది. షైర్‌లో జరగవలసిన, శత్రుపక్షం చేరిన మాంత్రికుడు సరుమాన్ మరణాన్ని అతని ఆర్థాంక్ బురుజుకు మార్చి తీశారు, ఆపై 2003లో థియేటర్లకు వచ్చిన కూర్పు నుంచి దాన్ని కూడా తొలగించారు. ఆ పాత్ర వేసిన క్రిస్టఫర్ లీ ఈ నవలను ఏటా ఒకసారి చదివే పాఠకుడు; ఆ సినిమాలలో పనిచేసినవాళ్ళలో టోల్కీన్‌ను స్వయంగా కలిసిన మనిషి ఆయన ఒక్కరే. ఆయన నొచ్చుకుని ప్రీమియర్‌కు వెళ్ళలేదు. అంతటి నటుడి నొప్పి కూడా ఒక పాఠకుడి నొప్పిలాగానే ఉందని నాకు తోచింది.

అందరికంటే కఠినంగా మాట్లాడినవారు రచయిత కుమారుడు క్రిస్టఫర్ టోల్కీన్. 2012లో ఫ్రెంచి పత్రిక ‘ల మోంద్’తో మాట్లాడుతూ, పదిహేను నుంచి ఇరవై అయిదేళ్ళ వయసువారి కోసం యాక్షన్ సినిమాగా మార్చి పుస్తకం పేగులు తోడేశారని ఆయన అన్నారు. ఆ మాట చదివినప్పుడు అది అన్యాయమనిపించింది, ఎందుకంటే మా తమ్ముడు ఆ వయసులోనే, ఆ సినిమాల వల్లనే ఆ పుస్తకం తెరిచాడు. కానీ తండ్రి వదిలిపోయిన రాతప్రతులను దశాబ్దాల పాటు పరిష్కరించి ప్రచురించడానికే జీవితం ధారపోసిన మనిషి చెప్పిన మాటను తొందరపడి తోసిపుచ్చలేకపోయాను.

ఎక్స్‌టెండెడ్ ఎడిషన్లు వచ్చాక కొంత సయోధ్య కుదిరింది. రెండవ సినిమా పొడిగించిన కూర్పులో బొరొమిర్, ఫారమిర్, వాళ్ళ తండ్రి డెనెథార్ కలిసి ఉన్న గతకాలపు సన్నివేశం ఒకటి చేర్చారు. దాన్ని చూశాక ఫారమిర్ ఉంగరాన్ని ఎందుకు కోరుకున్నాడో కనీసం అర్థమవుతుంది. వీడ్కోలు వేళ సామ్ అతనితో, మీరు మీ గుణాన్ని చూపారు దొరా, అది అత్యున్నతమైనదని పుస్తకంలోని మాటలే అంటాడు. నాకు అది క్షమాపణలా వినిపించింది. ఓస్గిలియాత్‌లో సామ్, నిజానికి మనం ఇక్కడ ఉండనే కూడదని నిట్టూర్చే మాటను పాఠకులు రచయితల ఒప్పుకోలుగా చెప్పుకుంటారు. వాళ్ళు ఆ ఉద్దేశంతో రాశారో లేదో గానీ, మూడవసారి చూసినప్పుడు నేనూ ఆ మాట దగ్గర మెత్తబడ్డాను. ఆ ఎడిషన్ల చివర, నటులూ సాంకేతికులూ అయిపోయిన తరువాత, అభిమాన సంఘం సభ్యుల పేర్లు నిమిషాల తరబడి పైకి సాగిపోతూ ఉంటాయి. వాళ్ళలో సినిమాల మీద కోపగించినవాళ్ళు కూడా తప్పకుండా ఉండి ఉంటారు. నేను ఒకసారి ఆ పేర్లన్నింటినీ చివరిదాకా చూశాను.

‘ది హాబిట్’ గురించి ఎక్కువ చెప్పాలని లేదు. సుమారు మూడు వందల పేజీల పిల్లల పుస్తకాన్ని 2012 నుంచి 2014 వరకు మూడు సినిమాలుగా సాగదీసినప్పుడు ఫిర్యాదు తిరగబడింది. పోయినదాని గురించి గాక, పుస్తకంలో లేని పాత్రలూ ప్రేమలూ వచ్చి చేరినదాని గురించి పాఠకులు బాధపడ్డారు. కొందరు అభిమానులు ఆ మూడింటినీ తామే కత్తిరించుకుని ఒక్క సినిమాగా చేసుకున్నారు. చొప్పించడం గురించి టోల్కీన్ 1958లో చేసిన హెచ్చరికను వాళ్ళు అలా తమ చేతులతో అమలు చేశారు.

గత ఏడాది నవలను మళ్ళీ మొదటి నుంచి చదివాను. సినిమాలకు ముందు నా మనసులో ఉన్న ముఖాలు చాలావరకు పోయాయని ఈసారి స్పష్టంగా తెలిసింది. మాంత్రికుడు గాండాల్ఫ్ అంటే ఆ పాత్ర వేసిన ఇయాన్ మెకెల్లెన్ వచ్చేస్తాడు. పదహారేళ్ళప్పుడు నేను ఊహించుకున్న ముసలాయన ఎలా ఉండేవాడో ఎంత ప్రయత్నించినా గుర్తుకు రాలేదు. ఇథిలియన్ అధ్యాయానికి వచ్చేసరికి, ఆకుపచ్చ దుస్తులలో సినిమాలో ఫారమిర్‌గా నటించిన డేవిడ్ వెన్‌హామ్ ముఖమే ఎదుట నిలిచింది. ఆ ముఖమే మెల్లగా, దారి పక్కన పడి ఉన్నా నేను దాన్ని తీసుకోనని అంది. ఇన్నేళ్ళూ నేను సినిమా దగ్గర అడిగినది అదే. పుస్తకం ఆ నటుడి చేతనే నా కోసం అనిపించింది. ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

బాంబడిల్ మాత్రం మారలేదు. సినిమా అతన్ని వదిలేయడం వల్ల, పసుపు బూట్లతో, నీలి కోటుతో, టోపీలో ఈకతో, నేను మొదటిసారి ఊహించుకున్న ముఖంతోనే కలువ పూలు పట్టుకుని అడవి దారిలో గెంతుతూ వచ్చాడు. 2024లో ఒక టీవీ ధారావాహికలో అతని పాత్రను చూపించారు. ఆ భాగాన్ని మా తమ్ముడు చూసి, బాగుంది, నువ్వూ చూడు అక్కా అన్నాడు. నేను ఇంకా చూడలేదు.